అడ్డుముక్కలు

మా నాన్నది ఐసు వ్యాపారం. తిరువూరు బజారులో ఉన్న మా డిపో గురించి పెద్దగా ఊహించుకోకండి. మూడు వైపులా గోడలు, పైన రేకులు, రోడ్డు వైపు చెక్క తలుపులు, అంతే. బెజవాడ నుంచి లారీలో వచ్చే గడ్డల్ని ఊకలో కప్పెట్టి సోడా బండ్లకీ, చేపలమ్మేవాళ్ళకీ, విస్సన్నపేట దాకా పెళ్ళిళ్ళకీ అమ్ముతారు. నాకు ఆ పని పట్టదు. గంపలగూడెం అవతల హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఐసు ఇంట్లో పుట్టి ఇంత వేడి నెత్తికెక్కిన మనిషిని ఎక్కడా చూడలేదని మా తమ్ముడు నన్ను ఏడిపిస్తుంటాడు. వాడి మాటలో అబద్ధమేమీ లేదు, నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

కరిగిన నీళ్ళు నిలవకుండా డిపో నేల తలుపు వైపుకి వాలుగా ఉంటుంది. గడ్డల్ని వెనక గోడ నుంచి వరసగా, ఒకదాని మీద ఒకటి, మనిషెత్తున పేరుస్తారు. ఆ వాలుకీ ఆ తడికీ అవి జారి రోడ్డు మీదికి రావాలి నిజానికి. రాకుండా ఆపేవి ముందున్న విరిగిన ముక్కలు. లారీలోంచి దింపేటప్పుడు పగిలిన వాటిని గుమ్మం లోపల, ఈ గోడ నుంచి ఆ గోడకి బిగిసేలా కుక్కి, ఊక పోసి తొక్కుతారు. తెల్లారేసరికి అవి ఒకదానికొకటీ, రెండు గోడలకీ కరుచుకుపోతాయి. చూడ్డానికి చెత్తకుప్పలా ఉంటాయి. వెనక గడ్డలన్నీ అయిపోయేదాకా నాన్న వాటిని ఎవర్నీ ముట్టనివ్వడు. మా ఇంట్లో వాటిని అడ్డుముక్కలు అంటారు.

ఆ ఏడు రంజాన్ నెల ఎండల్లో పడింది. ఒంటిపూట బడులు. ఆ రోజు పిల్లలకి అంటార్కిటికా గురించి చెప్పాను. అక్కడి హిమానీనదాలు నేల మీద మెల్లగా జరుగుతూ సముద్రంలోకి వస్తాయనీ, వాటి ముందు భాగం పెద్ద పలకలా నీటి మీద తేలుతుందనీ, ఆ పలకలు ఈ మధ్య పలచబడి విరిగిపోతున్నాయనీ చెప్పాను. వినగడప నుంచి వచ్చే ఒక పిల్ల లేచి నిలబడింది.

"గ్లాసులో ఐసు కరిగితే నీళ్ళు పెరగవని సైన్సు సారు చూపించారు టీచర్. తేలేదే కదా విరిగింది, మనకేంటి?"

మంచి ప్రశ్న. ఆ పలక విరిగినంత మాత్రాన సముద్రం పెద్దగా పెరగదని ఒప్పుకున్నాను. కానీ అది ఉత్తినే తేలడం లేదు. అటూ ఇటూ కొండల మధ్య ఇరుక్కుని, అక్కడక్కడా సముద్రం అడుగున ఉన్న మిట్టల మీద ఆనుకుని, వెనకున్న మంచుని వెనక్కి నెడుతుంటుంది. అది పోతే వెనకది వేగంగా దిగుతుంది. వెనకది నేల మీద కూర్చున్న మంచు, అది నీళ్ళలోకి వస్తే కొత్తగా వచ్చినట్టే. పైగా కొన్నిచోట్ల ఆ మంచు కూర్చున్న నేల సముద్ర మట్టం కన్నా కిందే ఉంది, లోపలికి పోయేకొద్దీ ఇంకా పల్లం. అంచు వెనక్కి జరిగేకొద్దీ ఇంకా మందపు మంచు నీళ్ళకి ఎదురవుతుంది, ఇంకా ఎక్కువగా కొట్టుకొస్తుంది. ఇంత చెప్పినా ఆ పిల్ల మొహం విప్పారలేదు. తేలేదానికి అంత బలమెక్కడిదని గొణుక్కుంటూ కూర్చుంది.

షేర్ ఆటోలో ఇంటికొస్తుంటే మా డిపో గుర్తొచ్చింది. ఇన్నేళ్ళుగా కళ్ళ ముందున్నది పాఠంలో ఎందుకు తట్టలేదో అని నన్ను నేనే తిట్టుకున్నాను. అడ్డుముక్కల్ని ఫొటో తీసి రేపు చూపిద్దామని సాయంత్రం ఫోను పట్టుకుని బజారుకెళ్ళాను.

తమ్ముడు బయట లారీ బల్ల కడుగుతున్నాడు. గడ్డల్ని జార్చి దింపే పొడుగాటి బల్ల అది. నాన్న గుమ్మం లోపల, గడ్డలకి వీపు పెట్టి నేల మీద చతికిలబడి, ఇనపచువ్వతో తూము పొడుస్తున్నాడు. ఊక అడ్డంపడి నీళ్ళు ఆయన చుట్టూ నిలిచాయి. ఆయన కూర్చున్నచోట అడ్డుముక్కలుండాలి. ఒక్కటి కూడా లేదు.

ఏమయ్యాయని తమ్ముణ్ణి అడిగాను. వాడు నసిగాడు. విరిగిన ఐసు ఇఫ్తారు షర్బతు కోసం మసీదుకి ఊరికే పంపడం మా తాత నాటి నుంచి వస్తున్న పద్ధతి. ఆ రోజు ఎండకి విడి ముక్కలన్నీ మధ్యాహ్నానికే అయిపోయాయి. లారీ రాలేదు. నాన్న నమాజుకి వెళ్ళినప్పుడు మసీదు వాళ్ళు బకెట్లతో వచ్చారు. ఆ నెలలో ఆ పనికి లేదనడానికి వాడికి నోరు రాలేదు. విరిగినవే కదా అని గునపంతో పెళ్ళగించి మొత్తం ఇచ్చేశాడు. నాన్న వచ్చి చూసి నాలుగు చివాట్లు పెట్టి, చోటు ఎలాగూ ఖాళీ అయింది, లారీ వచ్చేలోగా తూము బాగుచేద్దామని కూర్చున్నాడట.

వాడి మాటలు వింటూనే నేను గోడ వైపు చూశాను. ముందు వరస గడ్డ అంచు ఇదివరకు ఉన్నచోట, పక్క గోడ మీద ఊక అంటుకున్న గీత ఒకటుంది. గడ్డ ఆ గీత దాటి వేలెడు ముందుకొచ్చింది. నేను చూస్తుండగానే కొద్దిగా జరిగింది. చప్పుడు లేదు.

"నాన్నా, లే. గడ్డ కదులుతోంది."

"తూము వదిలేట్టుంది, రెండు నిమిషాలాగమ్మా" అన్నాడు తలెత్తకుండా.

గట్టిగా అరిచే ధైర్యం లేకపోయింది. ఉలిక్కిపడి అటు తిరిగితే ఆ తడిలో జారి పడతాడని భయం. మళ్ళీ చెప్పాను, ఈసారి పళ్ళ బిగువున. ఇంత ఊక ఉంది, ఎక్కడికి పోతుందన్నాడు. రోజా ఉపవాసం ఉన్న మనిషి, పొద్దుట్నుంచీ గొంతులో చుక్క పడలేదు, మోకాళ్ళ నొప్పులు. లేవాలంటే ముందు చెయ్యి ఆనించాలి, తర్వాత ఒక కాలు మడవాలి. ఆయన చుట్టూ నిలిచిన నీళ్ళు గడ్డల కిందికి పాకడం నాకు కనిపిస్తోంది. పైవరసలో ఎక్కడో చిటుక్కుమంది.

బల్ల తెమ్మని తమ్ముడికి సైగ చేశాను. ఎందుకని వాడు అడగలేదు, నా మొహం చూసే పరిగెత్తాడు. బల్ల ఒక చివర గుమ్మం రాయికి తన్నిపెట్టి, రెండో చివర ముందు గడ్డ పాదానికి ఆనించాం. తమ్ముడు దాని మీద ఎక్కి నిలబడ్డాడు. ఒక్కసారిగా గడ్డల బరువు బల్ల మీదికొచ్చింది. బల్ల మధ్యలో పైకి వంగడం మొదలుపెట్టింది. నేను నాన్న చంకల కింద చేతులు దూర్చి లాగాను. ఆయన ఒక చెప్పు తూములో ఇరుక్కుంది. చెప్పు కోసం వంగబోయాడు. జీవితంలో మొదటిసారి నాన్నని బూతు మాట అన్నాను. ఇద్దరం రోడ్డు మీద వెల్లకిలా పడ్డాం. తమ్ముడు పక్కకి దూకాడు. బల్ల రెండుగా విరిగింది.

ముందు గడ్డ వచ్చి గుమ్మం రాయిని కొట్టింది. దాని వెనకది, దాని పైనది, వరసలన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. అప్పటిదాకా పక్కనున్నవాళ్ళకి కూడా వినపడని కదలిక, ఆ క్షణంలో బజారంతా వినపడింది. నాన్న కూర్చున్నచోట మనిషి పట్టే సందు మిగల్లేదు. ఇనపచువ్వ వంగిపోయి ఊకలోంచి పైకి లేచింది.

తమ్ముడు గోడకి చేరగిలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. పుణ్యానికి ఇచ్చానక్కా, పుణ్యానికి ఇచ్చాను అంటూనే ఉన్నాడు. నాన్న వాణ్ణి దగ్గరికి తీసుకున్నాడు. నాకు మాత్రం ఆయన మీద ఒళ్ళు మండిపోతోంది. ప్రాణం దక్కిన మనిషి మీద కోపమేంటని అనుకోవచ్చు. ఆ పూట నాకు సంతోషం కన్నా కోపమే ఎక్కువగా కలిగింది.

ఇంటికొచ్చి ఖర్జూరంతో ఉపవాసం విడిచాక, అసలు ఆ వేళప్పుడు డిపోకి ఎందుకొచ్చావని నాన్న అడిగాడు. ఆ పిల్ల ప్రశ్న సంగతీ, తేలే పలకల సంగతీ చెప్పాను. ఆయన గ్లాసు చేతిలో పట్టుకుని వింటున్నాడు.

"ఆ మంచుని ఎవరన్నా కనిపెట్టుకుని చూస్తున్నారా?" అన్నాడు.

చూస్తున్నారనీ, ఆకాశంలోంచి ఫొటోలు తీసి, మంచు మీద యంత్రాలు పెట్టి ఎంత కదిలిందో కొలుస్తున్నారనీ చెప్పాను.

"జనానికి చెప్పారా?"

"ఎప్పట్నుంచో చెబుతున్నారు నాన్నా."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. నువ్వు లేవమన్నప్పుడు పాపం మోకాళ్ళ వల్ల లేవలేకపోయారని అమ్మ వెనకేసుకొచ్చింది. నాన్న తల అడ్డంగా ఊపాడు.

"మోకాళ్ళు బాగున్నా లేచేవాణ్ణి కాదు" అన్నాడు. "అడ్డు లేదని నాకు తెలుసు. అయినా అప్పటిదాకా ఆగింది కదా, ఇంకాసేపు ఆగుతుందనుకున్నా."