లంగా బొందు, కరివేపాకు బుట్ట

కంప్యూటర్ తెలిసిన ప్రతివాళ్ళనీ విమానం ఎక్కిస్తున్న ఐటీ బూమ్ రోజుల్లో మావారూ ఎక్కారు. వెనకే నేనూ, ఆరేళ్ళ మా అమ్మాయీ. చైనావాళ్ళే ఎక్కువగా ఉండే యూ టీ అనే పేటలో, ఐదో అంతస్తులో ఫ్లాట్. ఆయన పొద్దున్నే రైలెక్కి ఆఫీసుకు పోయేవారు. పిల్లకి తెలుగు తప్ప మరో ముక్క రాదు. స్కూల్లో నోరే విప్పడం లేదని టీచరు పిలిపించి చెప్పింది. ఇంట్లో వసపిట్ట, అక్కడ మూగనోము. నాకు బెంగ పట్టుకుంది.

అలాంటి పిల్లకి లైబ్రరీలో స్నేహితురాలు దొరికింది. శనివారాలు అక్కడ పిల్లలకి పాత ఫ్రెంచి పొట్టి సినిమాలు వేసేవారు. నలుపూ తెలుపూ, మాటలు దాదాపు ఉండవు. ఒక పిల్లాడు వాన చినుకుల్ని సీసాలో పడతాడు. ఇంకొకడు దారి తప్పిన బాతుని ఇంటికి దిగబెడతాడు. అంతే కథ. అయినా నేను కూడా నోరు తెరుచుకుని చూసేదాన్ని. భాష రానివాళ్ళూ వచ్చినవాళ్ళూ ఒకేసారి నవ్వేవారు. మా పిల్ల పక్కన కూర్చుని నవ్విన చైనా పిల్ల మా కింది ఫ్లాట్లోదేనని లిఫ్టులో తెలిసింది. ఇక చూడాలి, ఎప్పుడూ ఒకరింట ఒకరు. ఇది తెలుగులో, అది చైనీసులో. కబుర్లకి మాత్రం కొదవలేదు.

ఒక శనివారం వేసిన సినిమాలో పై అంతస్తు పిల్లా, కింది అంతస్తు పిల్లాడూ కిటికీలోంచి తాడుకి బుట్ట కట్టి బొమ్మలూ రొట్టెముక్కలూ పంపుకుంటారు. చివర్లో పెద్దవాళ్ళెవరో తాడు కోసేస్తారు. ఉత్త తాడు గాలికి ఊగుతుంటే సినిమా అయిపోతుంది. మా పిల్ల ఇల్లు చేరేదాకా వెక్కుతూనే ఉంది.

"తరవాతేమైందమ్మా?"

"ఏముందే, అయిపోయింది."

నాకూ ఒళ్ళు మండింది. పసిపిల్లలకి చూపించాల్సిన ముగింపేనా అది?

ఆ వెంటనే గంజి గొడవ వచ్చిపడింది. అక్కడ వంటింటి కిటికీ బయట వెదురు గడలు గుచ్చి బట్టలు ఆరేస్తారు. నా నేత చీరకి చిక్కగా గంజి పెట్టి, ముడతలు పడతాయని పిండకుండా గడకి వేశాను. మా ఊళ్ళో అయితే గంజినీళ్ళు మట్టిలోకి పోయేవి. ఇక్కడ కింది ఇంట్లో ఆ చైనా పిల్ల మామ్మగారి దుప్పటి మీద పడ్డాయి. ఆవిడ అట్టలా బిగుసుకున్న దుప్పటి పట్టుకుని పైకొచ్చింది. "వాట్ ఈజ్ దిస్? గ్లూ ఆ?" అని, మాట చివర ఆ, లా తగిలించే అక్కడి ఇంగ్లీషులో మొదలుపెట్టి, మిగతాదంతా చైనీసులో దులిపేసింది. నేనేమైనా తక్కువ తిన్నానా? అచ్చ తెలుగులో అందుకున్నాను. మర్నాటి నుంచి ఆవిడ మనవరాల్ని పైకి పంపడం మానేసింది.

మా పిల్ల ఈసారి ఇంట్లో కూడా మూగదైంది. అన్నం కెలికి లేచిపోయేది.

"ఓ సారీ చెప్పెయ్యరాదూ," అన్నారు మావారు.

"ఆవిడ నన్నన్న మాటల సంగతో?"

"నీకేమైనా అర్థమయ్యాయా?"

ఒక సాయంత్రం వంటింట్లోకి వెళ్తే పిల్ల కిటికీ ఊచల దగ్గర నిలబడి ఉంది. నా లంగా బొందులన్నీ ముడేసి కిందికి వదులుతోంది. కొసన కరివేపాకు బుట్ట, అందులో సున్నుండలు. అరవబోయి ఆగాను. బొందు కదిలింది. కింద ఎవరో అందుకున్నారు.

కాసేపటికి బుట్ట పైకొచ్చింది, ఖాళీగా. మా వైపు ఇరుగింటి గిన్నె ఖాళీగా తిప్పి పంపరు, చిటికెడు పంచదారైనా వేస్తారు. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"ఇంకెందుకే, వదిలెయ్."

"మామ్మ చూడకుండా తినేసుంటుందమ్మా. రేపు పెడుతుంది చూడు."

మర్నాడు మళ్ళీ పంపింది. ఈసారి బొందు గట్టిగా బిగిసి, ఒక్కసారిగా వదులైంది. లాగితే ఉత్త బొందే వచ్చింది. ఎవరో ముడి విప్పేశారు. పిల్ల ఆ కొసనే చూస్తూ నిలబడింది. "అయిపోయిందమ్మా," అంది. ఏడవను కూడా లేదు. దాన్ని ఒళ్ళోకి లాక్కుని నేనే ఏడ్చాను.

అప్పుడు బెల్లు మోగింది.

గుమ్మం ముందరి ఇనప గ్రిల్లు అవతల మామ్మగారు. ఒక చేతిలో మనవరాలి చెయ్యి, రెండో చేతిలో మా బుట్ట. మెట్లెక్కి వచ్చినట్టుంది, రొప్పుతోంది. బుట్టలో రెండు కమలాపళ్ళు ఉన్నాయి.

"స్ట్రింగ్ ఫర్ వాట్? డ్రాప్, హిట్ పీపుల్ హౌ?" అంది నాతో, పడి ఎవరి నెత్తికైనా తగిలితే అన్నట్టు. తర్వాత మా పిల్ల వైపు వంగి, గొంతు తగ్గించింది. "స్టెయిర్స్ గాట్, వాట్. యూ కమ్ డౌన్, షీ కమ్ అప్. ఓకే లా?"

ఆ సినిమా తీసిన ఫ్రెంచి ఆయనకి ఈ ముక్క తోచలేదు.

పిల్ల నా కొంగు వెనక నుంచి ఇవతలికి వచ్చింది.

"ఓకే లా," అంది.

దాని నోట నేను విన్న తెలుగు కాని మొదటి మాట అదే. నేను గ్రిల్లు తాళం తీశాను.