స్టీలు బండికి వేయని డబ్బా

మా ఇంట్లో గోడ పొడుగునా ఉన్న అరల్లో పాత చిరుతిళ్ళ డబ్బాలుంటాయి. పిండివంటలు దాచుకున్న ఇత్తడివి, బిస్కెట్ల రేకువి, అంగళ్ళలో పిప్పరమెంట్లు పోసి పెట్టిన గాజు సీసాలు. చూడవచ్చినవాళ్ళు ముందు అడిగేది మధ్య అరలోని పొడుగాటి ఇత్తడి డబ్బా గురించే. దాని మీద నేనొక వ్యాసం రాశాను. ఆ వ్యాసంలో ఉన్నది అబద్ధం.

ఎనభైల్లో నేను నరసరావుపేటలో ఒక వాటా అద్దెకు తీసుకుని ఉండేవాణ్ణి. కథలు రాస్తూ, అప్పుడప్పుడే డబ్బాలు పోగుచేస్తున్నాను. పక్క వాటాలో ఉండే ఆవిడను పిన్నీ అని పిలిచేవాణ్ణి. బాబాయి మాచర్ల నుంచి నాపరాళ్ళ లారీ తోలేవాడు. ఒంటరివాణ్ణని పిన్ని ఏం వండినా నాకింత పంపేది. ఒకసారి వేరే గిన్నె ఖాళీ లేక, కారప్పూసను ఈ డబ్బాతోనే తెచ్చిపెట్టింది. మూతకి గొళ్ళెం, పక్కన చుక్కలతో కొట్టించిన వాళ్ళమ్మ పేరు. తను కాపురానికొచ్చినప్పుడు సారె సున్నుండలు ఇందులోనే వచ్చాయని, రొంపిచెర్లలో ఉన్న కూతురికి తొలి కాన్పయ్యాక సారె ఇందులోనే పెట్టి, డబ్బా దానికే ఇచ్చేస్తానని చెప్పింది.

కారప్పూస అయిపోయింది. డబ్బా ఇవ్వబుద్ధి కాలేదు. మా వైపు ఎవరింటి గిన్నెనూ ఉత్తది తిరిగివ్వరు, అశుభమని చారెడు పంచదారైనా వేసి ఇస్తారు. అలా నిండుగా వచ్చినదాన్ని కాదనడమూ ఉండదు. నేను ఆ మర్యాదనే వాడుకున్నాను. బజార్లో పెద్ద స్టీలు డబ్బా కొని, నిండా లడ్లు పోయించి పట్టుకెళ్ళాను.

పిన్ని మూత తీసి చూసి, మళ్ళీ పెట్టేసింది. "డబ్బా మారిందేంది నాయనా?"

పాతదాని అడుగు చిల్లు పడుతోందని, ఇదైతే చాలాకాలం వస్తుందని చెప్పాను. చిల్లేమీ లేదు. తర్వాత ఎప్పుడైనా ఎదురుపడితే ఏదో అడగబోయి మానుకునేది. లడ్లు తిన్న నోటితో డబ్బా అడగలేకపోతుందని నాకు ముందే తెలుసు.

ఆ ఏడే ఒక వారపత్రికకు వ్యాసం రాశాను. మన ఆడవాళ్ళు పాత ఇత్తడినంతా స్టీలు బండివాళ్ళకి వేసి కొత్త గిన్నెలు తెచ్చుకుంటున్నారని, ఈ డబ్బాను అలాంటి బండిలోంచి నేనే కాపాడానని. కన్నతల్లి గుర్తును తూకానికి వేసిన ఇల్లాలు అని కూడా రాశాను. అప్పట్లో ఆ మాట నాకు తెగ నచ్చింది. ఆవిడ పేరు రాయలేదు కనక ఫరవాలేదనుకున్నాను. ఫొటోలో చుక్కల అక్షరాలు స్పష్టంగా పడ్డాయి.

పత్రిక రొంపిచెర్ల చేరింది. నిండు పొట్టతో ఉన్న కూతురు వచ్చి, వాకిట్లోనే తల్లిని నిలదీసింది.

"నాకిస్తానన్నదాన్ని స్టీలుకేశావంటగా. మా అత్త చదివి చదివి నవ్వింది. నాకొక మాట చెప్తే నేనే కొనుక్కునేదాన్ని గదమ్మా."

నేను గోడకి ఇవతలే ఉన్నానని పిన్నికి తెలుసు. "ఏదోలేవే, పాతది," అంది. నా మాటే ఎత్తలేదు. నేను తలుపు తియ్యలేదు. కూతురు కాన్పుకి కూడా రానని చెప్పి బస్టాండుకి వెళ్ళిపోయింది.

మర్నాడు డబ్బా తీసుకుని వెళ్ళాను. వెళ్ళేముందు చింతపండు పెట్టి తళతళలాడేలా తోమాను. పిన్ని చేతులు కొంగుకి తుడుచుకుని అందుకుంది. మూత తీసింది. లోపలేమీ లేదు. దొంగతనం కప్పుకోవడానికి లడ్లు పోయించినవాణ్ణి, ఆవిడ డబ్బాను ఆవిడకిచ్చేటప్పుడు గుప్పెడు పంచదార వెయ్యడం మరిచిపోయాను.

"ఉత్తది తెచ్చావు. నీళ్ళాడే పిల్లకి దీంట్లో సారె ఎట్టా పెట్టేదయ్యా," అంది మెల్లగా. కోపం లేదు. డబ్బా నా చేతుల్లో పెట్టేసింది. "నీ కాడే ఉండనీ. దానికి మాత్రం నిజం చెప్పు."

చెప్తానన్నాను. రొంపిచెర్ల ఎంతో దూరం కాదు. ఒక పొద్దున బస్టాండు దాకా పోయి, టీ తాగి తిరిగొచ్చాను. ఆ తర్వాత పిన్ని ముఖం చూడలేక ఇల్లు మారాను. డబ్బా మాత్రం వెంట తెచ్చుకున్నాను.

పిన్ని నన్ను కోరింది అదొక్కటే. రొంపిచెర్లలో ఉన్న ఆ చెల్లెలికి ఇది చేరాలని రాస్తున్నాను. అమ్మా, మీ అమ్మ ఆ డబ్బాను ఏ బండికీ వెయ్యలేదు. నేను ఉంచేసుకున్నాను.