కర్రిగాడి మెడలో తాడు

నా చిన్నప్పుడు నేను కుక్కను కొట్టేదాన్ని. సరదాకి కాదు, బాగుచేద్దామనే కొట్టేదాన్ని. ఈ ముక్క మా మనవలకి ఇంతవరకూ చెప్పలేదు. చెబితే నన్ను చూసే చూపు మారిపోతుందని భయం, అంతే.

మాది కంచిలి దగ్గర ఉద్దానం పల్లె. జీడిపిక్కలు రాలే రోజుల్లో ఇంటిల్లిపాదీ పగలంతా తోటలోనే ఉండేవాళ్ళం. ఎలుగుబంటి వస్తే అరిచి చెప్పడానికి తోటకో కుక్క ఉండాలి. విడిచిపెడితే దారిలో ఒకదాన్నొకటి చీల్చుకుంటాయని, తోట దాకా మెడకి తాడు కట్టి నడిపించాలన్నది మా ఊరి కట్టుబాటు. ఆ దారేమో సన్నటి ఇసుక బాట, రెండు పక్కలా మొగలి పొదల కంచె. ఎదురుగా మనిషి వస్తేనే ఒదిగి నిలబడాలి. ఇక కుక్కకి కుక్క ఎదురైతే మొహమ్మీద మొహమే.

మా కుక్క పేరు కర్రిగాడు. తాడు పట్టే పని నాది. నాకప్పుడు పదేళ్ళు. తాడు లేనప్పుడు వాడంత సాధువు లేడు. తాడు పడి, ఎదురుగా ఇంకో కుక్క కనిపించిందా, గొంతు చిరిగేలా అరుస్తూ మీదికి ఉరికేవాడు. నేను ఒక చేత్తో తాడు బిగించి, రెండో చేత్తో కొబ్బరిమట్టతో నడుమ్మీద బాదేదాన్ని. ఊళ్ళో అందరూ చేసేది అదే. పెద్దవాళ్ళు చూసి, గుంట గట్టిదే అని నన్ను మెచ్చుకునేవారు కూడా. ఆ మెప్పు కోసం ఇంకో రెండు దెబ్బలు ఎక్కువే వేసేదాన్ని, దాచడమెందుకు.

ఒకరోజు వాడు నా చేతిలోంచి తాడు లాక్కుని పక్క తోటవాళ్ళ కుక్క చెవి చీల్చేశాడు. విడదీయబోయిన మనిషి చేతిలోనూ పళ్ళు దిగాయి. మా నాన్న ఆ సాయంత్రం ఒక్కటే మాట అన్నాడు. పదిహేను రోజుల్లో పిక్కలేరే కూలీలు వాళ్ళ కుక్కల్ని తీసుకుని వస్తారు, వీడు వాటి మీద పడితే గునపంతో తల పగలగొట్టి తోటలోనే పాతేస్తానన్నాడు. మా నాన్న ఉత్తుత్తి మాటలు అనే మనిషి కాదు. వాడిని ఎలాగైనా బతికించుకోవాలని మర్నాటి నుంచి ఇంకా గట్టిగా కొట్టడం మొదలుపెట్టాను.

మా మేనత్త ఇదంతా చూసింది. మావయ్య పోయాక ఆవిడ మా ఇంట్లోనే ఉండేది. మాట తక్కువ, చెయ్యి గట్టిది. ఒక పొద్దున నన్ను వాకిట్లోకి పిలిచి, కర్రిగాడి తాడే నా నడుముకి కట్టింది. ఆట అనుకుని నవ్వాను. ఇంతలో పక్కింటి అక్క నీళ్ళబిందెతో మా వాకిలి ముందు నుంచి వెళ్ళింది. ఆ అక్కంటే నాకు ప్రాణం, నా జడ వేసేది తనే. అక్క కనబడగానే అత్త తాడు గుంజి, కొబ్బరి ఈనెతో నా పిక్కల మీద చురుక్కుమనేలా కొట్టింది. అక్క ఖాళీ బిందెతో తిరిగొచ్చింది, మళ్ళీ అదే. నాలుగోసారికి కాళ్ళు వాచాయి. అయిదోసారి, అత్త ఇంకా తాడు గుంజకముందే నేను ఇసుక తీసి అక్క మొహాన కొట్టాను. ఇటు రావద్దని నోటికొచ్చిన బూతు తిట్టాను. అక్క బిందె దింపి, కళ్ళు నులుముకుంటూ ఏడ్చింది. నేను ఏం చేశానే అంది.

అప్పుడు అత్త తాడు విప్పింది.

"ఆ పిల్ల నిన్నేటి సేసింది కోడలా? కొట్టింది నాను. నువ్వు తిట్టింది దాన్ని," అంది. తాడు చుట్ట చుడుతూ, "నీ కుక్కా అదే సేత్తంది," అంది.

ఇప్పటి వాళ్ళకి ఇది దుర్మార్గంగా అనిపిస్తుంది. నిజమే, దుర్మార్గమే. కానీ ఎంత నచ్చజెప్పినా ఎక్కని మొండిఘటాన్ని నేను.

ఆ రోజు నుంచి తాడు అత్త పట్టింది. కంచెలో కంత ఉన్న చోట నిలబడేది. దూరాన ఇంకో కుక్క ఇంత చుక్కలా కనబడగానే, కర్రిగాడు అరవకముందే, కొంగులోంచి ఎండు నెత్తలు, వేలెడంత చేపలు, తీసి నోటికిచ్చేది. కుక్క దగ్గరికొచ్చేలోపు కంతలోంచి తోటలోకి తప్పించేసేది. తాడు ఎప్పుడూ వదులుగానే ఉండేది. నన్ను మాత్రం వెనకాల నడవమంది. ఎదురు కుక్కకీ వాడికీ మధ్య దూరం రోజూ కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వచ్చింది.

కూలీలు వచ్చిన రోజు మా నాన్న గునపం భుజాన పెట్టుకుని బాట చివర నిలబడ్డాడు. ఎదురుగా రెండు కుక్కలు. తప్పుకోవడానికి కంత లేదు. కర్రిగాడు చెవులు నిక్కించాడు. వాడు వాటిని చూసి, తల తిప్పి అత్త మొహంలోకి చూశాడు, నా నెత్తలు ఏవీ అన్నట్టు. కుక్కలు పక్కనుంచి వెళ్ళిపోయాయి. మా నాన్న గునపం దించి పనిలోకి వెళ్ళిపోయాడు.

నాకు ఆనందం పట్టలేదు. పరిగెత్తుకెళ్ళి వాడి తల నిమరబోయి చెయ్యెత్తాను. కర్రిగాడు ఇసుకలోకి అణిగిపోయి, కింద తడిపేసుకున్నాడు. తాడు వదులుగానే ఉంది, పారిపోవచ్చు. పారిపోలేదు. నన్ను కరవనూ లేదు. కళ్ళు గట్టిగా మూసుకుని దెబ్బ కోసం కాచుకుని ఉన్నాడు.

"దానికి కుక్కలంటే బయ్యం పోయింది," అంది అత్త. "నువ్వంటే పోలేదు. అది నాను పోగొట్టలేనమ్మా."

ఆ తర్వాత ఆరేళ్ళు బతికాడు కర్రిగాడు. నేను పెట్టిన అన్నం నేను లోపలికి వెళ్ళాకే తినేవాడు. పక్కింటి అక్క మాత్రం వారానికే క్షమించి మళ్ళీ జడ వేసింది. కుక్కకి అంత మంచితనం చేతకాలేదు. లేదా మనిషంత మరపు లేదేమో.

ఇప్పుడు పలాసలో మా మనవరాలు కుక్కకి బెల్టు కట్టి వీధిలో తిప్పుతుంది. అది అరిస్తే ఏం చెయ్యాలో నేనే చెప్పాను, అవతలి పక్కకి దాటించు, బిస్కట్టు పెట్టు, బెల్టు గుంజకు అని. నేర్చుకుంది పిల్ల. నన్నూ ఒకసారి పట్టుకోమంటుంది. నేను పట్టుకోను. ఆ కుక్క నా దగ్గరికొస్తే రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టేసుకుంటాను. నాయనమ్మకి కుక్కలంటే భయమని ఇంట్లో అందరూ నవ్వుతారు. నవ్వనీ.