మద్రాసు రెండు రోజులే అన్నారు

మాది పెద్దాపురం. మావారికి బట్టల కొట్టుంది. రైలు మా వైపు రాకముందు మాట. ఒకనాటి ఉదయం ఆయన పెరట్లోంచి గోడ పట్టుకుని వచ్చారు. మొహం పాలిపోయింది.

"ఒంటికి వెళ్తే నెత్తురు పడుతోందే" అన్నారు.

పల్లేరుకాయల కషాయంతో వానాకాలమంతా నెట్టుకొచ్చాం. నొప్పి ముదిరింది. మా మరిదిని తోడు తీసుకుని బండి మీద కాకినాడ ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరుగారు పరీక్షించి, "బ్లాడర్లో స్టోనుందమ్మా. ఈ ఆపరేషన్ మద్రాసులోనే చెయ్యాలి. ఆలస్యం చెయ్యొద్దు" అన్నారు.

"మద్రాసు ఎంత దూరమండీ?"

"స్టీమరు మీద రెండు రోజులే."

"మద్రాసు దాకా కాలవ పడవలో పోదాం వదినా. నెమ్మదైనా కదులుతుంది" అన్నాడు మరిది. అన్నాళ్ళు నొప్పి ఓర్చుకోలేనని మావారు స్టీమరే కావాలన్నారు.

సత్రంలో దిగాం. రోజూ రేవులో ఓడ గుమస్తాని అడగడమే పని. రేపొస్తుందండి అనేవాడు. మర్నాడడిగితే, "విశాఖపట్నంలో సరుకెత్తుతున్నారటండి" అనేవాడు.

"రెండు రోజులన్నారు కదా బాబూ?"

"ఎక్కాక రెండు రోజులేనండి. ఎక్కేదాకా మా చేతుల్లో ఏముందండి?"

చివరికి ఓడ వచ్చింది. ఒడ్డుకు రాదట, దూరంగా సముద్రంలోనే ఆగింది. అలలు పెద్దవిగా ఉన్నాయని పడవవాళ్ళు కదలలేదు. పొగ కనబడుతోంది, ఎక్కే దారి లేదు. ఆ పూటే మావారికి మూత్రం పూర్తిగా బిగిసిపోయింది. పొట్ట కుండలా ఉబ్బింది. మళ్ళీ ఆసుపత్రికి పరుగెత్తాం. డాక్టరుగారు కెథటర్ గొట్టం వేసి మూత్రం తీసి ప్రాణం నిలబెట్టారు.

"ఇంకా ఇక్కడే ఉన్నారేంటమ్మా?" అని కోప్పడ్డారు.

"ఓడ అక్కడుందండి, మేమిక్కడున్నాం!" అన్నాను. ఏడుపు కన్నా ఒళ్ళుమంటే ఎక్కువగా ఉంది.

ఆ ఓడ మమ్మల్ని వదిలేసి పోయింది. మరో ఓడ వచ్చేదాకా ఆయన వార్డులో ఫీవరుతో పడి ఉన్నారు. ఎక్కాక గుమస్తా మాట నిజమే అయింది. రెండు రోజులూ ఆయన వాంతులు చేసుకుంటూనే ఉన్నారు.

మద్రాసులో పెద్ద డాక్టరు చూసి, పక్కనున్న, కట్లు కట్టే తెలుగు డ్రెస్సరుతో ఏదో అన్నారు. "కాకినాడ నుంచి రెండు రోజులే కదా, ఇంత ముదరబెట్టారేం అంటున్నారమ్మా" అన్నాడతను.

క్లోరోఫారం ఇచ్చి నిమ్మకాయంత రాయి తీశారు. పుండు ఒకసారి చీము పట్టి మళ్ళీ భయపెట్టింది. మెల్లగా మానింది. తిరుగుప్రయాణం కాలవ పడవలోనే చేశాం. చాప గూడు కింద ఆయన హాయిగా నిద్రపోయారు.

ఇప్పుడు ఆయన కొట్లో కూర్చుంటున్నారు. బట్టల బేళ్ళు ఎత్తనివ్వను. మంచినీళ్ళు తాగమని గంటగంటకీ పోరుతుంటాను.

దూరపు ఆసుపత్రికి బయల్దేరేవారికి నాదొక్కటే మాట. ప్రయాణం ఎన్నాళ్ళని మాత్రమే అడగకండి. ఎక్కేదాకా ఎక్కడ ఆగాలో, అక్కడ రోగికి ప్రాణం మీదికొస్తే చూసే వైద్యుడెవరో ముందు కనుక్కోండి.