బావ తిరగని రెండో చుట్టు

ఈ నాలుగు ముక్కలు రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. ఆఫీసు జీపు నడిపి రిటైరైన మా బావలాంటి మనిషి గురించి ఎవరు చదువుతారులే అని బద్ధకించాను. ఈమధ్య ఒక ఆదివారం ఆరాధన మధ్యలో జేబులో ఫోను వణికింది. మా అక్క మొగుడు, డైరీ ఫార్మ్ పేటలో తన ఇంట్లోనే, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. సమాధుల తోటలో నన్ను పలకరించిన ప్రతివాడూ ఒకటే అడిగాడు: ఆ ఎర్ర కారు సంగతి చివరికి తేలిందా అని. అందుకే రాస్తున్నాను.

బదిలీ మీద వెళ్లిపోతూ ఒక ఆఫీసరు బావకు అమ్మి వదిలించుకున్న రెండు సీట్ల స్పోర్ట్స్ కారు అది. బావకు వేగం మీద మోజు లేదు, సందేహం ఉండేది. ముందు టైర్లలో గాలి తగ్గిస్తే అది మలుపులో బాగా నిలబడుతుందా, వెనక టైర్లలో తగ్గిస్తేనా? "తిన్నగా ఎల్డానికి ఇంజిను సాలు బావమరిదీ. తిరగడానికే బుర్ర కావాల" అనేవాడు. ఆ సందేహం తీర్చేంత వేగం మా రోడ్ల మీద కుదరదు.

చుట్టూ సముద్రమున్న మా దీవిలో బండికి ముసలితనం రాదు, నేరుగా తుప్పే వస్తుంది. మా నాన్న సైకిలు ఒకసారి చర్చి ముందే రెండు ముక్కలై ఆయన్ని పాస్టరుగారి కాళ్ల మీద పడేసింది. పాస్టరుగారేమో నాన్న మారుమనస్సు పొందాడనుకుని లేవనెత్తి ప్రార్థన చేశాడు. అది వేరే కథ. ఈ ఉప్పుగాలికి విరుగుడుగా, వానలకు ముందు బండి అడుగున వాడేసిన ఇంజిన్ ఆయిల్ పూయడం మాకు అలవాటు.

ఇంతలో బావ కళ్లకు జబ్బు పట్టుకుంది. ఆ ఏడాది దాటితే స్టీరింగ్ ముట్టొద్దంది డాక్టరమ్మ. అక్క, "ఒక్కపాలి ఎల్లి తేల్చుకొచ్చెయ్యండి. వచ్చాక కవర్ కప్పేస్తాను, బస్, అంతే" అంది.

చెన్నై దగ్గర రేసు ట్రాకు ఒకటుంది. కొన్ని ప్రత్యేకమైన రోజుల్లో అక్కడ మామూలు జనం కూడా తమ కార్లు తెచ్చి తిప్పుకోవచ్చు. చెన్నై ఓడలోకి ఎక్కించడానికి హార్బరులో క్రేను మా కారును ఎత్తినప్పుడు దాని అడుగు భాగం నల్లగా మెరిసింది. బావ మురిసిపోయి, "చూడు, పక్కా పూసాను" అన్నాడు.

ట్రాకు మీద పొడుగు ముక్కు విదేశీ కారు తిన్నని దారిలో దూసుకుపోతుంటే, తేలికపాటి చిన్న కారొకటి మలుపు మలుపుకీ దాన్ని అందుకుంటోంది. బావ రెండింటి యజమానుల దగ్గరికీ వెళ్లి స్ప్రింగులెంత గట్టివి, టైర్లలో గాలెంత అని ఆరా తీశాడు. ఏది గొప్పదని మాత్రం అడగలేదు. కాసేపటికి ఆ ఇద్దరూ ఆయనతోపాటు టైర్ల పక్కన గొంతుక్కూర్చుని వాదించుకుంటున్నారు.

ముందు టైర్లలో గాలి తగ్గించి బావ మొదటి చుట్టు తిరిగి వచ్చాడు. "ముక్కు చెప్పినట్టు ఇన్నాది. తోకే తేలిపోనాది" అన్నాడు. ఇక వెనక టైర్లలో తగ్గించి చూడాలి. వాటి దగ్గర కూర్చోబోతుంటే కారు కింద నుంచి పొగ లేచింది. మేము పూసిన ఆయిలే, సైలెన్సరు వేడికి కాగి, బొట్లు బొట్లుగా కారుతోంది. ట్రాకు మీద ఆయిల్ పడితే వెనక వచ్చేవాడి ప్రాణానికే ముప్పు. అక్కడి అధికారి మా ఉప్పుగాలి కథంతా ఓపిగ్గా విని, రెండో చుట్టుకు మర్యాదగానే వద్దన్నాడు.

తిరుగు ఓడలో, బాధగా ఉందా బావా అని అడిగాను.

"బాధేటి? సగం తెలిసింది. రెండో సగం ఇంకా ఉన్నాది కదా" అన్నాడు.

అక్క అన్నట్టే కవర్ కప్పేసింది. ఇంజిను పాడవకుండా బావ అప్పుడప్పుడు స్టార్ట్ మాత్రం చేసేవాడు. నేను మా ఇల్లున్న బ్రూక్షాబాద్ నుంచి వెళ్లినప్పుడల్లా ఆ కవర్ పక్కకు లాగి, ఇద్దరం కదలని కారులో కూర్చునేవాళ్లం. "ఎనక తగ్గించుంటే ఏటయ్యేదంటావు?" అని అడిగేవాడు. నాకు తెలియదు కాబట్టి వెళ్లిన ప్రతిసారీ ఒక కొత్త జవాబు చెప్పేవాణ్ని. ఏదీ కొట్టిపారేసేవాడు కాదు. కళ్లు మూసుకుని, చేతులతో గాలిలో స్టీరింగ్ తిప్పి, నా జవాబును ఆ మలుపులో నడిపి చూసేవాడు. నా మాటను అంత శ్రద్ధగా పట్టించుకున్న మనిషి ఇంకొకరు లేరు.

జ్ఞాపకార్థ కూటం అయ్యాక, చుట్టాలు వెళ్లిపోయాక, అక్క కవర్ తీసి మడతపెట్టింది.

"తమ్ముడా, ఎనక టైర్లలో గాలి తగ్గించు. నడుపు, చూద్దాం" అని పక్క సీట్లో కూర్చుంది.

సిప్పీఘాట్ వైపు వెళ్లాం. పెద్ద మలుపు ముందు, రోడ్డు మధ్యలో ఆవు పడుకుని ఉంది. కారు ఆపి హారన్ కొట్టాను. అది ఒక చెవి ఊపింది. అక్క అద్దం దించుకుంది. చినుకులు మొదలయ్యాయి. తడిసిన రోడ్డు మీద ఆ రెండో సగం ఆ రోజుకీ తేలదు.