ఓడలో నిమజ్జనం

దుబాయ్‌లో పనిచేసే మా ఆయన పోయినేడు నన్నూ, కోరుట్ల నుంచి వచ్చిన అత్తమ్మనూ ఓడ విహారానికి తీసుకెళ్లారు. కిటికీ లేని గదికి డబ్బు కడితే, బాల్కనీ గది ఉచితంగా ఇచ్చారు. మంచం మీద తెల్ల తువ్వాలుతో మడిచిన ఏనుగు ఉంది. అత్తమ్మ దానికి నిండుగా కుంకుమ పెట్టి, గణపయ్య కూర్చున్న మంచమని తను కింద పడుకుంది.

తెల్లారి చూస్తే ఏనుగు లేదు.

"నిమజ్జనం జేసిన బిడ్డా. గింత సముద్రం మల్ల దొరుకుతదా?" అంది.

అంతలో ఓడ ఆగింది. ఎర్రటి మరకలతో తెల్లగా ఏదో నీళ్లలో పడితే, మనిషే పడ్డాడనుకున్నారట. మా ఆయన అందరికీ దండాలు పెట్టి నచ్చజెప్పారు. సాయంత్రానికి మమ్మల్ని కిటికీ లేని గదికే పంపారు. అక్కడ మంచం మీద తువ్వాలు కోతి కనబడగానే నాకు చెమటలు పట్టాయి.

అత్తమ్మ కుంకుమ భరిణె తీస్తూ అంది: "బుగులుపడకు బిడ్డా. అంజన్నకు నిమజ్జనం ఉండదు."