మిణుగురును చంపిన పెన్సిలమ్మ

ఆమె అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఆఫీసులో ఎవరికీ గుర్తుండేది కాదు. పిల్లల వారపత్రికలో బొమ్మల కథలు గీయడానికి చేరిన కొత్తలో, జడముడిలో పెన్సిలు దోపుకుని ఆ సంగతి మరిచిపోయి బల్లంతా వెతుక్కునేదట. అప్పటినుంచీ పెన్సిలమ్మ అయిపోయింది. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, తనకు ముగ్గురు ఆడపిల్లలున్నారనీ, వాళ్ళను గండం గట్టెక్కించేసరికే వారం గడిచిపోతోందనీ చెప్పేది. ఆ ముగ్గురూ ఆమె గీసే 'పిడుగుల దండు' కథలోని వీరవనితలు.

ఆ పత్రికకు ప్రాణం 'పిడుగుల దండే'. ఉరుము గొంతెత్తితే గోడలు కూలేవి. ఉప్పెన చెయ్యి చాస్తే గ్లాసులో నీళ్ళు కూడా లేచి నిలబడేవి. నీడ ఏ తలుపు సందులోంచైనా జారుకునేది. ఊపిరి తాగే పొగమనుషులతో ఒక వారం, నిద్రపోయేవాళ్ళ గొంతులు దొంగిలించే దయ్యంతో ఇంకో వారం తలపడేవారు. కథ రాసే పెద్దాయనను అందరూ కథల తాతయ్య అనేవారు. ఆయన కాగితం మీద 'ఇక్కడ ఘోరయుద్ధం' అని రాసి చేతులు దులుపుకునేవాడు. ఆ ముక్కను రెండు పేజీల నిండా యుద్ధంగా మార్చేది పెన్సిలమ్మ. అట్టమీద బొమ్మా ఆమెదే, దాని కింద చిన్న అక్షరాల్లో పేరూ ఆమెదే. ఆ గదిలో ఆమె మాటకు ఎదురుండేది కాదు.

ఆమె పెన్సిలుతో గీసిన బొమ్మల మీద సిరా వేసే మనిషి మానేసినప్పుడు, ఆ పనికి తన చెల్లెల్ని తీసుకొచ్చింది. సొంత చెల్లెలు కాదు, పిన్ని కూతురు. పిన్ని పోయాక ఆ పిల్ల వీళ్ళింట్లోనే పెరిగింది. కుంచె పట్టుకోవడం నేర్పింది పెన్సిలమ్మే. గీత వణికితే వేళ్ళమీద పెన్సిలుతో ఒక్కటి వేసిందీ ఆమే. ఎడిటర్ ఎదుట నిలబెట్టి, దీని చెయ్యి నా చెయ్యే అనుకోండి సార్ అని పూచీ ఇచ్చింది. చెల్లెలు తలెత్తకుండా నేల చూస్తూ నిలబడింది.

కొన్నాళ్ళు బాగానే గడిచింది. అక్క మనుషుల్ని గీసేది, చెల్లెలు వాళ్ళకు నల్లసిరా దిద్ది, వెనకాల కిటికీలూ మెట్లూ ఇటుకలూ నింపేది. ఇద్దరూ ఒకే బస్సులో వచ్చి ఒకే బస్సులో వెళ్ళేవారు. ఒక వారం కథలో పొగమనుషులు బస్టాపు మీద పడ్డారు. జనాన్ని గీసే ఓపిక లేక, ఆ మూల ఏవో నాలుగు తలకాయలు నింపెయ్యమని పెన్సిలమ్మ చెల్లెలికి వదిలేసింది. ఆ నాలుగు తలకాయల్లో ఒక పిల్ల ఉంది. బక్కపలచగా, భయంతో గోడకు అంటుకుపోయి, మూసిన గుప్పిట్లోంచి వెలుగు కారుతూ ఉంది.

కథల తాతయ్య అచ్చుకు వెళ్ళబోయే పేజీ చూస్తూ ఆ మూల దగ్గర ఆగిపోయాడు. ఈ అమ్మాయెవరని అడిగాడు. ఎవరూ కాదండీ, ఊరికే గీశానని చెల్లెలు గొణిగింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, ఎవరూ కాకపోతే మరీ మంచిది, నేను ఎవరినో ఒకర్ని చేస్తానన్నాడు.

అలా పుట్టింది మిణుగురు, దండులో నాలుగో పిల్ల. తక్కినవాళ్ళలా ధైర్యవంతురాలు కాదు. భయపడితేనే ఆమెలో వెలుగు పుట్టేది. ఎంత భయపడితే అంత వెలుగు. పిల్లలు ఆమె వెంట పడ్డారు. చీకటంటే భయపడేవాళ్ళూ, బడిలో పాఠం అప్పజెప్పాలంటే వణికేవాళ్ళూ అందరూ ఆమెలో తమను చూసుకున్నారు. మిణుగురు బొమ్మను చెల్లెల్నే గీయనివ్వమని కథల తాతయ్య పట్టుబట్టాడు. ఎడిటర్ సరేనన్నాడు. ఒకే గడిలో ముగ్గుర్ని అక్క గీస్తే నాలుగో మనిషిని చెల్లెలు గీసేది. ఇంకొన్నాళ్ళకు అట్టబొమ్మ కూడా చెల్లెలికే ఇచ్చారు.

పెన్సిలమ్మ అందరి ముందూ నవ్వింది. మిఠాయి కూడా పంచింది. కానీ ఆ వారం పత్రిక చేతికొచ్చినప్పుడు, అట్టకింద తన పేరు ఉండే చోట చెల్లెలి పేరు చూసి, తన ఇంట్లో తన కుర్చీలో ఎవరో కూర్చున్నట్టు నిలబడిపోయింది. కడుపులో మంట రేగింది. ఆ మంటకు తనే సిగ్గుపడింది. సిగ్గుపడ్డంత మాత్రాన అది ఆరలేదు.

ఇంటికెళితే అమ్మ. పుండుమీద కారం చల్లడానికి అమ్మను మించినవాళ్ళు లేరు. పత్రిక గోడకు ఆనించి పెట్టి, వచ్చినవాళ్ళందరికీ చూపించేది. "తల్లిలేని పిల్లని అయ్యో అనుకున్నాం గానీ, దానిది చెయ్యి కాదే, దీపం," అంది ఒకరోజు కూరగాయలు తరుగుతూ. ఇన్నేళ్ళుగా తను గీసిన అట్టలు అటకమీద కట్టలు కట్టి ఉన్నాయని పెన్సిలమ్మ అనలేదు. ఆ పూట అన్నం సగంలోనే చెయ్యి కడుక్కుంది.

ఆ తర్వాత చెల్లెలు చేసే ప్రతి పనీ ఆమెకు తప్పుగానే కనపడింది. పని చేస్తూ కూనిరాగం తీస్తే పొగరనిపించింది. తియ్యకపోతే నటననిపించింది. బాగా గీసిన రోజు కంటే, గీత తప్పిన రోజు చెల్లెలు ముద్దుగా కనిపించేది. ఏకై వచ్చి మేకైందని లోపల వంద సార్లు అనుకుని ఉంటుంది. పైకి మాత్రం ఒక్క మాట తూలలేదు. నివురు కింద నిప్పులా ఉండిపోయింది.

అలాంటప్పుడు కథల తాతయ్య కొత్త విలన్‌ను తెచ్చాడు. పేరు అద్దాలమారి. ఒంటికి రూపం లేని దయ్యం. ఎవరైనా అద్దం చూసుకుంటే వాళ్ళ ముఖం తొడుక్కుని బయటికొస్తుంది. పిడుగుల దండులో ఒకరు అసలు మనిషి కాదు, మొదట్నించీ అద్దాలమారే. ఎవరు? పిల్లలు వారాల తరబడి బుర్రలు బద్దలు కొట్టుకోవాలి. ఆ ఒకరు నీడేనని తన మనసులో మాట తాతయ్య చెప్పాడు. ఎటూ చీకట్లో తిరిగే మనిషి కాబట్టి నమ్ముతారన్నాడు.

మర్నాడు పెన్సిలమ్మ ఒంటరిగా ఎడిటర్ గదిలోకి వెళ్ళింది. తలుపు దగ్గరగా వేసింది.

"మా చెల్లెలు మీకు చెప్పలేక నాతో చెప్పింది సార్. మిణుగురంటే దానికి విసుగొచ్చేసిందట. అద్దాలమారి కథలో దాన్నే వదిలించుకుంటే బాగుండనుకుంటోంది. మీరు అడిగితే మొహమాటపడి కాదంటుంది. అడక్కండి."

ఎడిటర్ ఆశ్చర్యపోయాడు. కానీ పెన్సిలమ్మ అబద్ధం చెప్పగా ఆయన ఎన్నడూ వినలేదు. పైగా ప్రాణంలా చూసుకునే అక్క చెబుతోంది. కథల తాతయ్యను పిలిచి, ఆ పిల్ల కోరికే ఇది, అడిగి మొహమాటపెట్టకండని చెప్పి మిణుగురు పేరు ఖాయం చేశాడు. ఇక చెల్లెలితో పెన్సిలమ్మ చెప్పింది ఇంకో తీరు. ఎడిటర్ గారు నిర్ణయించేశారు, నేను కాళ్ళావేళ్ళా పడ్డాను, వినలేదు, నువ్వు వెళ్ళి అడిగావంటే ఉన్న పనికి కూడా ఎసరొస్తుంది, ఊరుకో అంది. చెల్లెలు ఊరుకుంది. అక్క మాట దాటడం ఆ పిల్లకు తెలియదు.

ఆఖరి పోరాటం పేజీలన్నీ తనే గీస్తానని పెన్సిలమ్మ అడిగి తీసుకుంది. చాలాకాలం తర్వాత చెయ్యి పరుగెత్తింది. నీడ దీపం ఎత్తి పట్టుకుంటుంది. మిణుగురు ముఖం చెంపమీదినుంచి పగులుతుంది. లోపల ఏమీ ఉండదు. ముక్కలు ముక్కలుగా రాలిపోతుంది. ప్రతి ముక్కలోనూ భయపడిన ఒక కన్ను. ఇంత బాగా తానెప్పుడూ గీయలేదని ఆమెకే తెలిసింది. ఆ పేజీలు రివాజు ప్రకారం సిరా వేయడానికి చెల్లెలి బల్లమీదికి వెళ్ళాయి. అక్క గీసిన పగుళ్ళమీద చెల్లెలు సన్నకుంచెతో ఒక్కొక్క గీతే దిద్దుకుంటూ పోయింది. సిరా మీద పడకుండా కళ్ళు మోచేత్తో తుడుచుకుంది. రెండు బల్లల అవతల కూర్చుని పెన్సిలమ్మ అదంతా చూసింది. తనకు సంతోషంగా ఉండాల్సింది. ఉందో లేదో తేల్చుకోలేకపోయింది.

పత్రిక బజారులోకి వెళ్ళాక ఉత్తరాలు వచ్చిపడ్డాయి. ఏడ్చినవాళ్ళు, తిట్టినవాళ్ళు, మిణుగురు మొదట్నించీ అబద్ధమైతే మేం భయపడుతూ గెలవడం కూడా అబద్ధమేనా అని అడిగినవాళ్ళు. ఎడిటర్ తల పట్టుకుని బొమ్మల గదిలోకి వచ్చాడు. అందరూ ఉన్నారు. చెల్లెలి బల్లముందు ఆగాడు.

"నీకు విసుగొచ్చిందంటే నీ మాట మన్నించాం కదమ్మా. ఇప్పుడు చూడు, పిల్లలు మన ప్రాణం తోడేస్తున్నారు."

"నాకు విసుగా?" అంది చెల్లెలు.

"నువ్వే కదా మీ అక్కతో చెప్పించావు, మిణుగుర్ని తీసెయ్యమని."

చెల్లెలు అక్కవైపు తిరిగింది. పెన్సిలమ్మ చేతిలో రబ్బరు ఉంది. తేలు కుట్టిన దొంగలా కదలకుండా కూర్చుంది. గదిలో ఎవరూ ఏమీ గమనించలేదు. కథల తాతయ్య మాత్రం కళ్ళద్దాలు తీశాడు.

"అవునండీ," అంది చెల్లెలు. "నేనే చెప్పమన్నాను."

అంతే. మళ్ళీ తల వంచుకుని సిరా వేసుకుంది. ఆ సాయంత్రం బస్సులో వేరే సీటులో కూర్చుంది. వారం తిరక్కముందే వేరే పత్రికలో పని చూసుకుని, దర్జీ దుకాణం మేడమీద గది అద్దెకు తీసుకుని వెళ్ళిపోయింది. ఎందుకని అమ్మ ఎంత అడిగినా, కొత్త ఆఫీసుకు దగ్గరని అంది గానీ ఇంకో మాట అనలేదు. ఆ పిల్ల తిట్టి ఉంటే పెన్సిలమ్మ ఎదురు తిట్టేది. ఏడిస్తే ఓదార్చేది. తనను కాపాడి వెళ్ళిపోతే ఏం చెయ్యాలో తెలియలేదు.

ఇటు ఎడిటర్ మిణుగురును బతికించాల్సిందే అన్నాడు. కథల తాతయ్య దారి వెతికాడు. మొదట వచ్చిన పిల్ల అసలు మిణుగురే. మధ్యలో అద్దాలమారి ఆమెను అద్దంలో బంధించి, ఆ ముఖం తొడుక్కుంది. పగిలింది దయ్యం, పిల్ల ఇంకా లోపలే ఉంది. ముగ్గురూ వెళ్ళి విడిపించాలి. గీయాల్సింది పెన్సిలమ్మ.

గీయడానికి కూర్చుంటే మిణుగురు రాలేదు. ముక్కు వచ్చింది, జుట్టు వచ్చింది, గుప్పిట్లో వెలుగు వచ్చింది. పిల్ల మాత్రం రాలేదు. చెరిపిన కొద్దీ కాగితం పల్చబడింది గానీ ముఖం దగ్గరపడలేదు. బల్ల నిండా రబ్బరు పొట్టు. గత్యంతరం లేక పాత పేజీలు ముందు పెట్టుకుని చూసి గీసింది. అచ్చయ్యాక ఒక చిన్నపిల్ల రాసింది: ఈ మిణుగురు కూడా అద్దాలమారేనా, భయపడినట్టు నటిస్తోంది. ఎడిటర్ అది నవ్వుతూ చదివి వినిపించాడు. చెల్లెలు ఆఫీసులో లేకుండా పోయినా ఓడించగలదని పెన్సిలమ్మకు అప్పుడర్థమైంది. చెల్లెలు గీసే కొత్త పత్రిక ప్రతివారం కొని, ఎవరూ చూడకుండా బస్సులో చదివేది. అది బాగుండేది. బాగున్నందుకు మండేది. అమ్మ ఆ గదికి వెళ్ళి వచ్చి కబుర్లు చెబుతుంటే, వినడం లేదన్నట్టు మొహం పెట్టి ప్రతి అక్షరమూ వినేది.

ఒక మధ్యాహ్నం అరపూట సెలవు పెట్టి, పాడుచేసిన కాగితాలు చంకలో పెట్టుకుని, దర్జీ దుకాణం మెట్లెక్కింది. చెల్లెలు తలుపు తీసి, పక్కకు జరిగి దారిచ్చింది. గదిలో ఒక్కటే కుర్చీ. అది అక్కకిచ్చి తను మంచం అంచున కూర్చుంది. కింద కుట్టుమిషన్ల చప్పుడు నేలలోంచి పాదాలకు తెలుస్తోంది.

"నువ్వంటే నాకు కుళ్ళు," అంది పెన్సిలమ్మ. వచ్చేటప్పుడు వేరే మాటలు కూర్చుకుంది. నోట్లోంచి ఇదే వచ్చింది.

"తెలుసక్కా."

"ఎప్పట్నించి?"

"అట్టబొమ్మ నాకిచ్చినప్పుడు నువ్వు మిఠాయి పంచావు చూడు, అప్పట్నించి. నీకోసమెప్పుడూ నువ్వు మిఠాయి పంచలేదు. నువ్వు అడిగుంటే మిణుగుర్ని ఇచ్చేసేదాన్ని. నీకన్నా ఎక్కువా నాకు? అబద్ధమెందుకు చెప్పావు?"

పెన్సిలమ్మ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. "అడిగి తీసుకుంటే అది ఎప్పటికీ నువ్విచ్చిందే అవుతుందిగా. నాకది వద్దు. అసలు లేకుండా పోవాలని ఉండేది."

చెల్లెలు అప్పుడు ఏడ్చింది. ఆఫీసులో ఏడవలేని ఏడుపంతా ఏడ్చింది. పెన్సిలమ్మ కుర్చీలోంచి లేచి వచ్చి మంచంమీద కూర్చుంది గానీ చెయ్యి వెయ్యడానికి ధైర్యం చాల్లేదు. కాసేపటికి చెల్లెలే ముక్కు చీదుకుని, ఆ కాగితాలు ఇటు ఇవ్వమంది. ఒక్కొక్కటీ చూసింది.

"ముఖం నుంచి మొదలుపెడుతున్నావు. నేను ముందు చేతులు గీస్తానక్కా. భయం ముందు అక్కడికే వస్తుంది. చేతులు కుదిరాక ముఖం దానంతటదే తెలుస్తుంది."

మర్నాడు పెన్సిలమ్మ ఎడిటర్ గదిలోకి వెళ్ళి జరిగిందంతా చెప్పింది. ఈసారి తలుపు వెయ్యలేదు. ఆయన పనిలోంచి తీసెయ్యలేదు గానీ, పిడుగుల దండు మొదటి పేజీలో ఇకనుంచి మిణుగురును పుట్టించింది ఎవరో ఆ పేరు ప్రతివారం వెయ్యాలన్నాడు. ఆ అక్షరాలు పెన్సిలమ్మే రాయాలి. ఒప్పుకుంది. మొదటి వారాల్లో ఆ పేరు రాస్తుంటే చెయ్యి బరువెక్కేది. తర్వాత తర్వాత అలవాటైంది. బొమ్మల గదిలో వాళ్ళు కొన్నాళ్ళు ఆమెతో అంటీముట్టనట్టు ఉన్నారు. కథల తాతయ్య మాత్రం ఏమీ జరగనట్టు 'ఇక్కడ ఘోరయుద్ధం' అని రాసి ఇస్తూనే ఉన్నాడు.

చెల్లెలు తిరిగి ఆ పత్రికకు రాలేదు, ఇంటికీ రాలేదు. ఆ గదిలోనే ఉండిపోయింది. కానీ సెలవుపూట అక్క అక్కడికి వెళ్ళేది. ఇద్దరూ పత్రికలు ముందేసుకుని ఒకరి పేజీలు ఒకరు చూసేవారు. కుళ్ళు పోయిందని పెన్సిలమ్మ ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే పోలేదు. దాచుకోవడం మాత్రం మానేసింది. చెల్లెలు ఏదైనా బాగా గీస్తే ఆ పేజీ దూరంగా పట్టుకుని చూసి, "ఇది చూస్తే నాకు ఒళ్ళు మండుతోందే," అనేది. చెల్లెలు తల దువ్వుకుంటూనో, టీ కాచుకుంటూనో వెనక్కి తిరక్కుండానే, "ఎంత మండుతోంది, కొంచెమా, బాగానా?" అని అడిగేది. బాగానే అని అక్క చెబితే, ఆ పేజీ ఇంక దిద్దనక్కర్లేదని పక్కన పెట్టేసేది.